ముక్కు ముందుకా, వెనక్కా

మిల్లిగన్, నెబ్రాస్కా
మార్చి 3

బావ వెన్సిల్‌కి,

రోజలీకే ఇచ్చారు బావా. ఈ వేసవి నుంచి మన క్లబ్బు పాతకాలపు స్కూటర్లన్నిటినీ జాతీయ స్కూటర్ల మేళాకి మా రోజలీయే మోసుకెళ్తుంది. నిన్న ఎమిల్ ప్రోహాస్కా ఇంట్లో అందరూ చేతులెత్తారు. నేను రెండు చేతులూ ఎత్తేశాను. ఎమిల్ కళ్ళజోడు సర్దుకుని, "అధ్యక్షుడిగా చెబుతున్నాను లూమీర్, నీకున్నది ఒక్క ఓటే, ఆ రెండోది దించు" అన్నాడు. దించలేదు. కన్నవాడిని, ఎలా దించుతాను?

మంచు పడి రోడ్లు మూసుకుపోయి మీ కాన్సస్ వాళ్ళెవరూ రాలేకపోయారు. నీ సంగతి వచ్చింది. వెన్సిల్ చాలా ఏళ్ళు మోశాడు, ఇక కాస్త విశ్రాంతి తీసుకుంటాడులే అన్నారు. నాకూ సబబే అనిపించింది.

పిల్ల ట్రెయిలర్ కూడా కొనేసింది. నీ దానిలా పైన ఆకాశం, పక్కన గాలీ కాదు. నాలుగు పక్కలా గోడలూ, పైకప్పూ, తాళం వేసుకునే తలుపూ ఉన్న పెట్టె. వానొచ్చినా, వడగళ్ళు పడ్డా మన కుష్మన్ స్కూటర్ల మీద చుక్క పడదు. విల్బర్‌లో ఒక పోల్కా బ్యాండు వాళ్ళు ముసలివాళ్ళై వాయించడం మానేసి అమ్ముకున్నారు. పక్కన ఇంత పెద్ద అకార్డియన్ బొమ్మ ఉంది. చెరిపేద్దామంటే రోజలీ ఒప్పుకోలేదు. స్కూలు బస్సు నడిపి నడిపి పసుపు రంగు చూసి విసుగెత్తిందట, ఆ ఎర్ర అకార్డియనే ఉండనీ అంది.

లోపల గోడలకి వాళ్ళు తివాచీ అంటించారు. దాన్ని పీకడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఒకటే బీరు వాసన. నేను పీకుతూ ఉంటే నీ చెల్లెలు అల్బీనా తలుపు దగ్గర నిలబడి, ఇంత వాసనకి పాటలు కూడా వినబడుతున్నాయంది. ఇప్పుడు కింద దళసరి ప్లైవుడ్ వేశాం. దాని మీద పొడుగునా ఇనుప పట్టాలు, పట్టాలకి ఎక్కడ కావాలంటే అక్కడ తగిలించే కొక్కేలు. ముందు చక్రం దూర్చితే స్కూటరు దానంతటదే నిలబడేలా ఇనుప చట్రాలు కూడా బిగిస్తున్నాను. పెట్రోలు వాసన పోవడానికి కప్పుకి కన్నం కోసి మూత పెట్టాం. వెనక తలుపు కిందికి దించితే అదే ఎక్కుడు బల్ల. చూస్తే నీకు ఆకలి పుడుతుంది బావా, అంత బాగుంది.

ఒక్క షరతు పెట్టారు. ఈ ఏడాది పరీక్ష. క్లబ్బులో అందరి స్కూటర్లూ ఇందులోనే వెళ్ళాలి, మీ కాన్సస్ వాళ్ళవి కూడా. ఒక్కదానికీ గీత పడకుండా మేళాకి చేరాలి. అప్పుడు ఆ పని ఎప్పటికీ రోజలీదే. లేదంటే అద్దె లారీవాడికి అప్పజెబుతారట. చిన్నప్పుడు నీ బండి వెనకాల పరిగెత్తి, నేనూ వస్తా మామయ్యా అని ఏడ్చిన పిల్ల. ఆడపిల్లకి ఎందుకని దింపేసేవాడివి. ఇప్పుడు నీ ఎర్ర ఈగిల్ స్కూటర్‌నే ఎక్కించుకుపోతుంది. ఎప్పుడు రమ్మంటావో రాయి.

సంతోషం పట్టలేని
లూమీర్


క్యూబా, కాన్సస్
మార్చి 12

లూమీర్,

నీ ఉత్తరం అందింది. ఇరవై వేసవులు ఆ స్కూటర్లని మోసినవాణ్ణి నేను. నన్ను తీసేసిన సంగతి నీ తివాచీ కథకి ముందు ఒక మూల కనబడింది. ఎమిల్‌కి ఫోను లేదా? నాకు విశ్రాంతి కావాలని ఎవడు అడిగాడు?

నీకు సబబే అనిపించిందన్నావు. నీకు సబబనిపించినవి నేను చూస్తూనే ఉన్నాను, మా చెల్లెల్ని అడగడానికి మా ఇంటికి బురద బూట్లతో వచ్చిన రోజు నుంచీ.

ఆ చట్రాలు ఎలా బిగిస్తున్నావో చూడకుండానే చెబుతాను. ముక్కులన్నీ ముందుకి పెట్టి ఉంటావు. ఈ స్కూటర్లకి ఇంజను ఎక్కడుంటుంది? సీటు కింద, వెనక. అన్ని ఇంజన్లూ వెనక్కి చేరితే ఆ పెట్టె రోడ్డు మీద కుక్కలా తోక ఊపుతుంది. ఊపనీ. నాకేం.

నా ఈగిల్ బీరు కంపు కొట్టే డబ్బాలో ఎక్కదు. ఏళ్ళ తరబడి గాలీ వానా తిని నిక్షేపంగా ఉంది. నేను రాను, అది రాదు.

వెన్సిల్ స్లాడ్కీ


మిల్లిగన్
ఏప్రిల్ 9

బావకి,

ఇంటిపేరుతో సహా సంతకం పెట్టావు, నేనేదో బ్యాంకువాణ్ణైనట్టు. అక్షరాలు కూడా ఒక్కొక్కటి గుమ్మడికాయంత. నాకు చదువు తక్కువని అంత పెద్దగా రాయక్కర్లేదు, చిన్నగా తిట్టినా అర్థమవుతుంది.

నువ్వు ఊరుకుంటావనుకున్నాను. మిలోకీ మిగతా కాన్సస్ వాళ్ళకీ ఫోను చేసి ఆ డబ్బాలో మీ స్కూటర్లు పెట్టకండని చెప్పావట. మిలో నాతోనే అన్నాడు. మొన్న వాళ్ళ కోడి షెడ్డు దగ్గర నిలబెట్టి అడిగాను. వాడు నా మొహం చూడకుండా, "వెన్సిల్ పెడితే నేనూ పెడతాను లూమీర్, వెన్సిల్ పెట్టకపోతే నేనెందుకు పెడతాను" అని గింజలు చల్లుకుంటూ పోయాడు. మిగతా వాళ్ళది కూడా అదే పాట. అంటే నా కూతురి పని నీ గుప్పిట్లో ఉందన్నమాట. సొంత మేనకోడలు బావా. ఆమెకి పేరు పెట్టినప్పుడు చర్చిలో ఎత్తుకు నిలబడ్డవాడివి నువ్వు.

నిన్నెందుకు మార్చారో తెలుసుకోవాలనుంది కదా. నీ నోటికి జడిసి. ఎవడి స్కూటరు వాడు కట్టుకోవాలంటావు, వాడు కట్టాక మళ్ళీ విప్పించి కట్టిస్తావు. పోయిన వేసవి సంత మైదానంలో గేటు స్తంభాన్ని గుద్ది, స్తంభమే జరిగొచ్చిందని అరిచావట. వాళ్ళు విని విని అలిసిపోయారు.

రోజలీ పద్ధతి వేరు. ఎవరూ కట్టక్కర్లేదు, అన్నీ తనే కడుతుంది. ఎవడి పట్టీ వదులైందన్న గొడవే ఉండదు, ఏదైనా జరిగితే తనని తిట్టండి అంటుంది. ఎమిల్ గొణిగాడు. మొగుడి చొక్కాకి పరాయివాడు బొత్తాలు పెట్టినట్టుంటుందని వాళ్ళావిడ నవ్వింది. చివరికి ఒప్పుకున్నారు.

ఇక ముక్కు సంగతి. ముందుకి కాక ఎటు పెట్టమంటావు? వెనక్కి పెడితే గాలి స్కూటరు ముందద్దం వెనక దూరి దాన్ని ఊడబెరుకుతుందని మాకు నేర్పినవాడివి నువ్వే. ఇప్పుడు నా కూతురనేసరికి శాస్త్రం మారిపోయిందా? చట్రాలన్నీ ముందుకే బిగించాను. బోల్టులకి వెల్డింగ్ కూడా చేశాను, నువ్వు వచ్చి మార్చకుండా.

నీ చెల్లెలు గసగసాల కొలాచీ రొట్టెలు చేసి నీకు పంపమంది. తినేశాను.

లూమీర్


క్యూబా
ఏప్రిల్ 20

లూమీర్,

గాలి బెడద తెరిచిన బండికి. మూసిన పెట్టెలో గాలి ఎక్కడిది, నువ్వు నోరు తెరిస్తే తప్ప? తెరిచిన బండిలో ముక్కు ముందుకి పెట్టక తప్పదు కనక, ఆ బరువుకి బదులుగా నేను నా బండి ముందు కొసన ట్రాక్టరు బరువులు కట్టేవాణ్ణి. అవి అందం కోసమనుకున్నారా మీరంతా? ఇరవై ఏళ్ళు నా వెనక కార్లో వస్తూ ఒక్కడూ అడగలేదు. పాఠం సగం విని వెళ్ళి వెల్డింగ్ చేశావు.

మిలోకి చెప్పాను. అవును, చెప్పాను. మళ్ళీ చెబుతాను. ఆ పిల్ల స్కూలు బస్సు నడుపుతుంది. బస్సు ఒకటే ముక్క, మధ్యలో మడత పడదు. వెనక తగిలించిన పెట్టె వేరు, అది ముందున్న బండిని పట్టుకు ఊపుతుంది. ఆ పిల్ల రోడ్డు పక్క గుంటలో పడితే నీకు చేతులెత్తడానికి మళ్ళీ సభ పెడతారా?

నా పికప్పు అమ్మేశాను. పొగ కక్కుతోంది. ఇక నాకు ఏ బండీ అక్కర్లేదు, ఎవరినీ ఎక్కడికీ మోయను. మా ఆవిడ కారు ఉంది, చర్చికి హెర్మీనా తీసుకెళ్తుంది. మేళా సంగతి నా దగ్గర ఎత్తకు.

కట్టడం నీ కూతురు ఒక్కతే చేస్తుందన్నావు. నా స్కూటరు మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. పడదు.

వెన్సిల్


మిల్లిగన్
జూన్ 2

బావకి,

ఈ ఉత్తరం రాసేదాకా అల్బీనా బాతు కూర వడ్డించనంది. కుండ పొయ్యి మీదే ఉంది, వాసన ఇక్కడికి వస్తోంది, అందుకని తొందరగా రాస్తున్నాను. తోక ఊపింది.

పోయిన శనివారం విల్బర్‌కి ఉత్తినే ఒకసారి తీసుకెళ్ళి చూద్దామని మా ఊరి స్కూటర్లు ఎక్కించాం. ముక్కులు ముందుకే. నేను రోజలీ పక్కన కూర్చున్నాను. బాగానే వెళ్తోంది, నేను పాట కూడా అందుకున్నాను. కొండ దిగుతుంటే ఎదురుగా పశువుల లారీ ఒకటి దూసుకుపోయింది. ఆ గాలికి వెనకాల పెట్టె కదిలింది. ఇటు, అటు, మళ్ళీ ఇటు, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ. అద్దంలో ఆ అకార్డియన్ కనబడుతోంది, పోతోంది, కనబడుతోంది. బ్రేకు వెయ్యమని అరిచాను. రోజలీ వెయ్యలేదు. స్టీరింగు గట్టిగా పట్టుకుని కాలు మాత్రం ఎత్తేసింది. దానంతటది నెమ్మదించి, ఊపి ఊపి, చివరికి నిలబడింది. బ్రేకు వేసి ఉంటే పెట్టె మమ్మల్ని మడత పెట్టేసేదట. అది తర్వాత చెప్పింది, నేను నీళ్ళు తాగాక.

దిగి తలుపు తీశాం. పడినవి లేవు, నా స్కూటరు దీపం పగిలింది, అంతే. రోజలీ ఎక్కుడు బల్ల మీద కాసేపు కూర్చుంది.

"నాన్నా, వీటిని తిప్పేద్దాం."

"మీ మామయ్య చెప్పినట్టా?"

"ఎవరు చెప్పారో బరువుకి అనవసరం నాన్నా."

నా వెల్డింగులన్నీ నేనే కోశాను. నిప్పురవ్వలు పడి చొక్కా కాలింది, నీకు సంతోషమేగా. ఇప్పుడు స్కూటర్లని వీపు ముందుకి పెట్టి వెనక్కి తోస్తూ ఎక్కిస్తున్నాం. చట్రంలో దూరేది వెనక చక్రం. ఇంజన్లు ఇరుసుకి ముందుకి జరిగాయి. నిన్న అదే కొండ దిగాం, ఒకటి కాదు రెండు లారీలు ఎదురొచ్చాయి, పెట్టె పెళ్ళికూతురిలా వచ్చింది. ఆ ఒక్క ముక్క నువ్వు చెప్పింది నిజం. ఇంకోసారి రాయను, దీన్నే దాచుకో.

కానీ నా గుండె ఇప్పుడు వేరే సంగతికి కొట్టుకుంటోంది. విల్బర్ సంగతి ఎమిల్‌కి తెలిసిపోయింది. తోక ఊపిందట, కాన్సస్ వాళ్ళు రామంటున్నారట, ఇక లారీవాడికే ఇద్దామా అంటున్నాడు. నీ ఈగిల్ ఎక్కితే మిలోవాళ్ళవి ఎక్కుతాయి, వాళ్ళవి ఎక్కితే ఎమిల్ నోరు మూస్తాడు. నువ్వు కాదంటే ఇదంతా ఆ పిల్ల చేతిలోంచి పోతుంది. నాకోసం వద్దు. నన్ను నువ్వెప్పుడూ మనిషి కింద చూడలేదు, ఈ వయసులో మొదలెట్టక్కర్లేదు. బ్రేకు వెయ్యని పిల్ల కోసం.

ఈ నెల ఆఖరి శనివారం రోజలీ క్యూబా వస్తుంది. తలుపు వేసుకుంటావో తీస్తావో నీ ఇష్టం.

లూమీర్


క్యూబా
జూన్ 6

లూమీర్,

కాలు ఎత్తేసిందా? నేర్పింది నువ్వు కాదు కదా. అయితే సరే.

రానీ. పొద్దున్నే రమ్మను. నువ్వు రావద్దు. ఈగిల్‌ని పట్టీలతో కట్టేది నేనే, ఆ అమ్మాయి పద్ధతి ఏదైనా కానీ. స్టాండు దించి కట్టరాదని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ దాన్ని ఎవరూ స్టార్టు చెయ్యకూడదు, ఫొటోల కోసం ఎవడి మనవళ్ళూ ఎక్కకూడదు. నేను మేళాకి రావడం లేదు. ఎందుకని అడగొద్దు.

నీ పాటకే ఆ పెట్టె ఊగిందని నా అనుమానం.

వెన్సిల్


మేళా మైదానం, ఐయోవా
జులై 14

బావకి,

అయిపోయింది బావా, ఎప్పటికీ రోజలీదే. నిన్న సాయంత్రం గుడారం కింద ఓటు పెట్టారు. ఎమిల్ అడగడం పూర్తికాకముందే మీ మిలో చెయ్యెత్తాడు, వాడి వెనకాల కాన్సస్ అంతా లేచింది. నేను ఈసారి ఒక్క చెయ్యే ఎత్తాను, రెండోదానితో కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. దారంతా గాలివాన. తలుపు దించేసరికి ఒక్క స్కూటరు మీద తడి లేదు, గీత లేదు. నీ ఈగిల్ అన్నిటికన్నా ముందెక్కింది కనక అన్నిటికన్నా చివర దిగింది, పెద్దమనిషిలా. నా కన్నా నున్నగా ఉందని అల్బీనా అంది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక మిన్నెసోటా వాడు సీటు మీద చెయ్యి వెయ్యబోతే నేనే అరిచాను. నీ గొంతు వచ్చింది నాకు, అసహ్యమేసింది.

ఇప్పుడు ఇంకో సంగతి. ఇది నీకు తెలిసిందే. నాకు తెలిసిందని నీకు తెలియాలని రాస్తున్నాను.

రోజలీ దారిలో చెప్పింది. పెట్టెలో నువ్వు ఈగిల్‌కి పట్టీ తగిలించావట. కొక్కెం పట్టాలోకి పోలేదు, అంచు మీద ఊరికే ఆనుకుని ఉంది. నువ్వు బిగించి, అయిపోయిందన్నావు. తన పద్ధతి ప్రకారం విప్పి తనే కట్టెయ్యొచ్చు. కట్టలేదు. నీ చేతుల వంక చూసిందట, పక్కనే ఉన్న కొక్కేన్ని అవి ఎలా వెతుకుతున్నాయో.

"మామయ్యా, లోపల చీకటిగా ఉంది, నాకు సరిగ్గా కనబడటంలేదు. నువ్వు తడిమి చెప్పవా, ఎక్కిందో లేదో" అందట.

నువ్వు టోపీ తీసి పక్కన పెట్టావట. తర్వాత వంగి తడిమి, "ఎక్కలేదు. ఎవరు కట్టారిది, మీ నాన్నా?" అన్నావట.

అక్కడ నేను లేను బావా. లేకుండా కూడా నాకు తిట్లే. రోజలీ ఈ మాట చెప్పి నవ్వింది, ఆ తర్వాత చాలా మైళ్ళు నవ్వలేదు.

మళ్ళీ విప్పి అన్ని పట్టీలూ వేళ్ళతోనే కట్టావట. బిగిసిన పట్టీని వేలితో మీటి చప్పుడు వినడం ఆమెకి నేర్పావట. ఇక్కడ చూడాలి నువ్వు, ప్రతి మజిలీలోనూ పెట్టెలోకి వెళ్ళి ఒక్కొక్క పట్టీనీ మీటి చెవి పెట్టి వింటోంది. ఎమిల్ చూసి, అమ్మాయి పోల్కా వాయిస్తోందన్నాడు. వెన్సిల్ ఎందుకు రాలేదని అందరూ అడిగారు. గోధుమ కోతలున్నాయంది రోజలీ. నీకు పొలం లేదని సగంమందికి తెలుసు.

నాకు కోపం పోలేదు. మార్చిలోనే ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను నీ అక్షరాల మీద అలా రాసేవాణ్ణా? మిలోకి ఫోను చేసే బదులు నాకు చేసి, లూమీర్, నాకు రోడ్డు కనబడటంలేదు అని ఉంటే సరిపోయేది. అనవు. బురద బూట్లవాడికి ఎలా చెబుతావు? నువ్వు అలాంటివాడివే, నేను ఇలాంటివాడినే, ఇప్పుడు ఎవరూ మారక్కర్లేదు. వచ్చే వేసవి రోజలీ పక్క సీట్లో కూర్చుని వస్తావు. ఇది ఆహ్వానం కాదు, ఆ పిల్ల నిర్ణయం. నేను వెనక అల్బీనా కార్లో వస్తాను, దూరంగా.

ఓటు సంగతి అందరికీ తెలియాలి. మా వైపు నేను చెబుతాను. నీ వైపు ఈ ఉత్తరం అందిన రోజే చెప్పు.

వాహూలో మీ చిన్న చెల్లెలు లిబూషెకి చెప్పు. రోజలీ కోసం కొవ్వొత్తులు వెలిగించి వెలిగించి చర్చిలో పొగ పట్టించిందట.

క్లార్క్‌సన్‌లో ఆనెష్కా పిన్నికి. కుడి చెవిలో చెప్పాలి. ఎడమ చెవిలో చెబితే ఎవరో పోయారనుకుని ఏడుస్తుంది.

నా తమ్ముడు స్టాన్లీకి నేనే చెబుతాను, ఆడమనిషి ట్రెయిలర్‌ని వెనక్కి నడపలేదన్నవాడు వాడే. భోజనానికి ముందోసారి, తర్వాతోసారి చెబుతాను.

మీ పెద్దాడు జెరోమ్‌కి. పట్టీ మీటడం వాడికి నేర్పలేదు, మేనకోడలికి నేర్పావని కూడా చెప్పు, కాస్త కుళ్ళుకోనీ.

లింకన్‌లో ఫాదర్ రేమండ్ అన్నయ్యకి. పెట్టెకి దీవెన ఇస్తానన్నాడు, అకార్డియన్ బొమ్మ ఉందని ముందే చెప్పి ఉంచు.

ఆఖరున హెర్మీనా అక్కయ్యకి. నువ్వు పేపరు చదవడం మానేసింది రాజకీయాల మీద కోపంతో అని ఆవిడ రోజలీతో అందట. ఆవిడకి ఓటు సంగతి తర్వాత చెప్పొచ్చు. ముందు ఆ రెండోది, నీ కళ్ళ సంగతి. అది నేను చెప్పను, అల్బీనా చెప్పదు, రోజలీ చెప్పదు. ఆవిడకి మాత్రం నువ్వే చెప్పాలి.

లూమీర్